పచ్చిక మాడింది... మందు వల్లా, ఎండ వల్లా?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం కలుపు మందు గురించే. కలుపు కోసం కొడితే లాన్‌కు తగిలిందని కొందరు, నిరుడు పనిచేసిన మందే ఈసారి కొంప ముంచిందని కొందరు రాశారు. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక లెక్క. ఎకరా అంటే 4,840 గజాలు. లేబుల్ మీద ఎకరాకు రాసిన మోతాదును 40తో భాగిస్తే 120 గజాల లాన్‌కు, అంటే సుమారు 100 చదరపు మీటర్లకు, కావలసింది వస్తుంది. కింద ఉన్న అంకెలన్నీ ఆ లెక్క ప్రకారమే. ఇంకో మాట. మన దగ్గర దొరికే కలుపు మందుల్లో చాలావాటి లేబుల్ మీద వరి, చెరకు, గోధుమ లాంటి పంటల పేర్లే ఉంటాయి తప్ప లాన్ ఊసు ఉండదు. అందుకని ఏ మందైనా ముందు ఒక మూల నాలుగు గజాల్లో కొట్టి, రెండు మూడు వారాలు చూసి, ఆ తర్వాతే మిగతా చోట కొట్టండి.

ప్ర: ఇంటి ముందు సెలెక్షన్ వన్ లాన్ ఉంది. ఏప్రిల్ మూడో వారంలో పొద్దున పదకొండింటికి 2,4-డి కొట్టించాం. వారం తిరిగేసరికి గడ్డి పసుపెక్కింది, ఆకుల కొనలు మాడాయి. పక్కింటి టమాటా మొక్కలు కూడా మెలి తిరిగాయి. పోయిన ఆగస్టులో ఇదే మందు, ఇదే మోతాదు కొడితే ఏమీ కాలేదు. డబ్బా కల్తీదంటారా? (కొంపల్లి, హైదరాబాద్)

జ: డబ్బా కంటే ముందు ఆ వారం ఎండను అనుమానించండి. 2,4-డి వెడల్పాకు కలుపును చంపి గరికను వదిలేస్తుందంటే, అది గరిక ఒంట్లోకి పోదని కాదు. ఆకు మీద పడినదాంట్లో కొంత లోపలికి పోతుంది. గరిక దాన్ని ఎక్కువ తిరగనివ్వకుండా పట్టేసి, విరగ్గొట్టి, పనికిరాకుండా చేసుకుంటుంది. తేలిక మాటలో చెప్పాలంటే అరిగించుకుంటుంది. గలిజేరుకు, గడ్డిచామంతికి ఆ అరుగుదల లేదు కనుక అవి చస్తాయి. సెలెక్షన్ వన్ కూడా గరిక జాతే, మామూలు రోజుల్లో బాగానే అరిగించుకుంటుంది. అయితే ఒంట్లో బాగున్నప్పుడు అరిగిన తిండి జ్వరంలో అరగదు. నీళ్లు చాలక, మట్టి కాగిపోయి, పెరుగుదల ఆగిన గడ్డిదీ అదే పరిస్థితి. ఆగస్టులో 30 డిగ్రీల చుట్టూ వేడి, తడి నేల, వారానికోసారి కోయాల్సినంత పెరుగుదల ఉంటాయి. తగిలిన కాస్త దెబ్బ కూడా తర్వాతి కోతలో పోయి ఉంటుంది, మీ కంట పడలేదంతే.

గరిక వేడికి ఓర్చే గడ్డే కదా అనవచ్చు. వేడికి ఓర్చుకుంటుంది. వేడి, దాహం, మందు మూడూ ఒకేసారి మీద పడితేనే ఓర్చుకోలేదు. లాన్‌కు దాహంగా ఉందో లేదో చూడటానికి పరికరాలు అక్కర్లేదు. పొద్దున్నే చెప్పులు లేకుండా నాలుగడుగులు నడిచి వెనక్కి చూడండి. తొక్కిన గడ్డి లేవకుండా అడుగుల గుర్తులు అలాగే ఉండిపోయినా, దూరం నుంచి చూస్తే పచ్చదనం బూడిద కలిసిన నీలంలా కనిపించినా, ఆకులు పొడవునా ముడుచుకుని సూదుల్లా ఉన్నా ఆ రోజు మందు వద్దు. లోతుగా నీళ్లు పెట్టి, గడ్డి తేరుకున్నాక చూసుకోండి.

పదకొండు గంటల ఎండలో ఇంకో సమస్య ఉంది. సన్నటి తుంపర గడ్డి మీద పడేలోపే సగం ఆరిపోతుంది. పడిన చుక్కలో నీరు ఎగిరిపోయి, చిక్కటి మందు ఆకు కొనకు పట్టుకుంటుంది. కొనలు మాడింది అందుకే. నూనెతో తయారైన ఈసీ రకం మందుల్లో ఈ మాడు ఇంకా ఎక్కువ.

ఇక టమాటా సంగతి. 2,4-డి మన దగ్గర మూడు రూపాల్లో దొరుకుతుంది: సోడియం సాల్ట్ 80 శాతం పొడి, ఎమైన్ సాల్ట్ 58 శాతం ద్రవం, ఈథైల్ ఎస్టర్ 38 శాతం ఈసీ. ఎస్టర్ ఎండకు ఆవిరవుతుంది. కొట్టేటప్పుడు గాలి లేకపోయినా, తర్వాత ఆకుల మీద నుంచి ఆవిరై పక్క తోటలోకి పోతుంది. టమాటా, పత్తి, ద్రాక్ష, మిరప దీన్ని అసలు తట్టుకోలేవు. పత్తి ఆకైతే కప్ప కాలి వేళ్లలా చీలిపోతుంది. మీ డబ్బా మీద ఈథైల్ ఎస్టర్ అని ఉంటే టమాటా మెలి తిరగడానికి అదే కారణమై ఉంటుంది. ఇళ్ల మధ్య ఎస్టర్ వాడనే కూడదు, ఏ కాలంలోనైనా సరే. ఎమైన్ సాల్ట్ తీసుకోండి.

విదేశాల్లో లాన్‌కని అమ్మే 2,4-డి డబ్బాల మీద 85 నుంచి 90 ఫారెన్‌హీట్ దాటితే కొట్టొద్దని ఉంటుంది. అంటే 29 నుంచి 32 డిగ్రీలు. తెలంగాణ ఎండాకాలంలో తెల్లవారుజామున తప్ప వేడి అంత తక్కువగా ఉండదు. పొద్దున ఆరింటికి 26 ఉంది కదా అని కొడితే మధ్యాహ్నం 41 అవుతుంది, మందు అప్పటికీ ఆకులోనే ఉంటుంది. చూడాల్సింది కొట్టే గంట వేడిని కాదు, ఆ రోజూ మర్నాడూ ఉండబోయే గరిష్ఠ ఉష్ణోగ్రతను. సూటిగా చెప్పాలంటే మార్చి రెండో వారం నుంచి తొలకరి దాకా 2,4-డి జోలికి పోకండి. ఆ మూడు నెలలూ చేత్తో పీకించడమే మేలు.

ప్ర: తెల్లవారుజామున గాలి ఉండదు కదా, అప్పుడు కొడితే పక్క మొక్కలకు తగలదంటారా? (అదే పాఠకురాలు)

జ: అసలు గాలే లేని తెల్లవారుజాము కూడా మంచిది కాదు. ముఖ్యంగా చలి రోజుల్లో నేల దగ్గర చల్లగాలి కింద పేరుకుంటుంది, దాని మీద వెచ్చగాలి మూతలా కూర్చుంటుంది. సన్న తుంపర పైకి చెదరకుండా ఆ పొరలోనే తేలుతూ ఎటో పాకుతుంది. ఒక అగరబత్తి వెలిగించి మోకాలి ఎత్తులో పట్టుకోండి. పొగ చాపలా పరుచుకుని కదులుతుంటే ఆగండి. ఒక్కసారిగా చెదిరి కనిపించకుండా పోతున్నా ఆగండి. మెల్లగా ఒక పక్కకు వాలుతూ పైకి లేస్తుంటే, ఆ వాలే దిక్కున ఎవరి మొక్కలూ లేకపోతే, కొట్టవచ్చు. పొద్దెక్కిన గంట, గంటన్నర తర్వాత సాధారణంగా అలా ఉంటుంది.

ప్ర: జూలైలో ముసురు వదలని వారంలో తుంగకు హాలోసల్ఫ్యూరాన్ కొట్టాం. పది రోజులైనా తుంగ నిలబడే ఉంది. లాన్ మాత్రం అక్కడక్కడ పసుపుపచ్చగా అయింది. మందు తిరగబడిందా? (కాకినాడ)

జ: తుంగది ఒక సంగతి, పసుపుది ఇంకొకటి కావచ్చు. తుంగకు పది రోజులు చాలవు. హాలోసల్ఫ్యూరాన్ ఆకును మాడ్చే మందు కాదు, కొత్త కణాలు పుట్టకుండా ఆపే మందు. ముందు నడిమి లేత ఆకు పసుపెక్కుతుంది, పాత ఆకులు చాలా రోజులు పచ్చగానే ఉంటాయి. మొత్తం ఎండిపోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఒక మొక్క తీసి నడిమి ఆకు చూడండి. అది పాలిపోయి ఉంటే మందు ఎక్కినట్టే. నడిమి ఆకు కూడా నిగనిగలాడుతుంటే కొట్టిన నాలుగు గంటల్లోపు వాన కడిగేసిందని అర్థం. నేలలో గొలుసులా అల్లుకున్న తుంగ గడ్డలు ఒక్క విడతలో పోవు. ఆరు నుంచి పది వారాల్లో మళ్లీ మొలిచినప్పుడు రెండో విడత కొట్టాలి. ఈలోపు ఆత్రపడి కొట్టే అదనపు విడత తుంగకు కాదు, లాన్‌కు తగులుతుంది.

పసుపు ఎందుకొచ్చిందో దాని ఆకారం చూస్తే తెలిసిపోతుంది. మందు దెబ్బ మనిషి నడిచిన దారిలో ఉంటుంది: తిన్నటి పట్టీలు, ఒక పట్టీ ఇంకోదాని మీద పడిన చోట ముదురు గీత, మలుపు తిరిగేటప్పుడు ట్రిగ్గర్ వదలని చోట అర్ధచంద్రాకారపు మచ్చ. నీటి దెబ్బకు గీతలుండవు, పల్లం ఎలా ఉంటే పసుపూ అలా పరుచుకుంటుంది. అక్కడ వేలు గుచ్చితే మట్టి జిగటగా, మురుగు కంపు కొడుతుంది. నీళ్లు నిలిచి వేళ్లకు గాలి ఆడక, నత్రజని కొట్టుకుపోయి గడ్డి పాలిపోతుంది. అలాంటి చోట ముందు నీళ్లు పోయే దారి చూడాలి.

ముసురులో మందు దెబ్బ ఎక్కువయ్యే మాటా నిజమే. రోజుల తరబడి మబ్బులో పెరిగిన గడ్డికి ఆకు మీద మైనపు పూత పలచగా, మెత్తగా ఉంటుంది. గాలిలో తేమ నిండి ఉంటే చుక్క గంటల కొద్దీ ఆరదు, మందు అదేపనిగా లోపలికి దిగుతుంది. ఎండ లేక గడ్డి తయారు చేసుకున్న చక్కెరలు తక్కువ, అరిగించుకునే ఓపికా తక్కువ. ఎండాకాలంలో ఆకు పూత దళసరిగా ఉంటే కలుపే సరిగ్గా చావదు. ముసురులో కలుపూ లాన్ రెండూ తాగేస్తాయి. వాన వెలిసి రెండు రోజులు ఎండ కాశాక, నేల చెమ్మగా ఉండి కాలికి బురద అంటని రోజు చూసుకోండి.

హాలోసల్ఫ్యూరాన్ 75 శాతం గుళికల పొడికి చెరకులో ఎకరాకు 36 గ్రాములు. 120 గజాలకు 0.9 గ్రాము, 5 లీటర్ల నీళ్లు. ఈ మందుకు స్ప్రెడర్, అంటే చుక్క ఆకు మీద పరుచుకునేలా చేసే ద్రవం, కలపాలి. దాని బదులు సర్ఫు పొడి, షాంపూ వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. బోరు ఉప్పునీటిలో సబ్బు విరిగి తెట్టె కడుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. షాంపూ ఎంత పోశారన్న లెక్క ఉండదు కాబట్టి మాడేది ఎంతో కూడా ఎవరూ చెప్పలేరు. అదే బోరు నీరు 2,4-డి ఎమైన్‌నూ బలహీనం చేస్తుంది. కుళాయి నీళ్లో, పట్టిపెట్టిన వాన నీళ్లో వాడండి.

ప్ర: మామిడి చెట్టు కింద లాన్‌లో వెడల్పాకు కలుపుకు మెట్‌సల్ఫ్యూరాన్ కొట్టాం. ఎండ పడే చోట లాన్ బాగుంది, చెట్టు కింద పలచబడిపోయింది. నల్లరేగడి నేల. (గుంటూరు)

జ: మూడు తప్పులు ఒకచోట కలిశాయి. మొదటిది నీడ. గరికకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. మామిడి నీడలో అది పొడవుగా, పలచగా, లేతగా సాగుతుంది. నిల్వ తిండి లేని ఆ గడ్డికి చిన్న దెబ్బే పెద్దది. రెండోది చెట్టు. మెట్‌సల్ఫ్యూరాన్ నేలలోకి దిగి వేళ్ల ద్వారా కూడా పనిచేస్తుంది. కొమ్మలు పరుచుకున్నంత మేరా కింద చెట్టు వేళ్లుంటాయి, చెట్టు తాగేది లాన్ మందే. కొమ్మల అంచుకు అవతలే ఆపాలి. రాబోయే చిగురు గిడసబారి, పాలిపోయి వస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు.

మూడోది మీ నేల. ఈ మందు ఆమ్ల నేలలో నీటితోనే విరిగిపోతుంది. పీహెచ్ 8 దాటిన నల్లరేగడిలో అలా విరగడం బాగా మందగిస్తుంది, మిగిలిన పని సూక్ష్మజీవులే చేయాలి. నేల ఎండితే అవీ చేయవు. ఎర్రనేలలో వారాల్లో పోయే శేషం నల్లరేగడిలో నెలలు ఉంటుంది. చెట్టు కింద పూలమొక్కలు పెట్టాలనుకుంటే, అక్కడి మట్టి ఒక కుండీలో, మందు తగలని చోటి మట్టి ఇంకో కుండీలో పోసి రెండింట్లో ఆవాలు చల్లండి. ఆవాలకు ఈ మందు గిట్టదు. రెండు వారాల్లో రెండు కుండీలూ ఒకేలా ఉంటే నేల తేరుకున్నట్టే.

మోతాదు దగ్గర కూడా తేడా జరిగి ఉండొచ్చు. 20 శాతం పొడి ఎకరాకు 8 గ్రాములు. 120 గజాలకు 0.2 గ్రాము. వంటింటి తక్కెడ దాన్ని పట్టుకోలేదు, చిటికెడు అంటే దానికి ఎన్ని రెట్లో తెలియదు. బంగారం తూచే చిన్న తక్కెడలో 1 గ్రాము తూచి, 100 మిల్లీలీటర్ల నీటిలో వేసి బాగా కుదపండి. ప్రతి 120 గజాలకూ అందులోంచి 20 మిల్లీలీటర్లు సిరంజితో తీసి 5 లీటర్లలో కలపండి. పొడి అడుక్కు దిగుతుంది, ప్రతిసారీ కుదిపే తీయాలి. కలిపినది ఆ రోజే వాడాలి. వాడిన సిరంజి ఇక ఇంట్లో దేనికీ పనికిరాదు, విరిచి పారేయండి.

ప్ర: కడియం నుంచి తెప్పించిన మెక్సికన్ గ్రాస్ కార్పెట్ పరిచి పది రోజులైంది. కలుపు మొలవకుండా పెండిమిథాలిన్ కొట్టొచ్చా? (రాజమహేంద్రవరం)

జ: వద్దు. అది వేరు కొనల్లో ఒక కణం రెండుగా చీలి పెరగకుండా ఆపుతుంది. కలుపు గింజ మొలకకు ఏం చేస్తుందో, కార్పెట్ కింద దిగుతున్న కొత్త వేళ్లకూ అదే చేస్తుంది. వేళ్లు పొట్టిగా, కొన ఉబ్బి గదలా తయారవుతాయి. పైన రోజూ నీళ్లు పడుతున్నన్నాళ్లు పచ్చగానే కనపడుతుంది, వారం ఎండ కాస్తే చాపలా చుట్టేయొచ్చు. కార్పెట్ మూల రెండు వేళ్లతో ఎత్తి చూడండి. లేచి వస్తే వేళ్లు దిగలేదు. గట్టిగా పట్టుకుని ఉండి, రెండు మూడు కోతలు అయ్యాకే ఆ మందు మాట.

ప్ర: డిసెంబర్‌లో కొట్టిన మందు మూడు వారాలైనా పనిచేయలేదని మళ్లీ కొట్టాం. ఫిబ్రవరిలో లాన్ పసుపైంది. (ఆదిలాబాద్)

జ: చలిలో మందు ఆగింది, పోలేదు. రాత్రి వేడి 15 డిగ్రీల కిందికి దిగితే కలుపూ గరికా రెండూ పెరగవు. పెరిగే కణాల మీద పనిచేసే మందుకు అక్కడ పని దొరకదు. ఫిబ్రవరిలో వెచ్చబడగానే రెండు మోతాదులూ కలిసి పనిచేశాయి. చలికాలంలో ఆరు వారాలైనా ఆగాలి.

చల్లగా ఉంటే లాన్‌కు దెబ్బ తక్కువనుకోవడం కూడా పొరపాటే. మన వరి రైతులకు బాగా తెలిసిన బిస్‌పైరిబాక్ సోడియాన్ని అమెరికా గోల్ఫ్ మైదానాల్లో బెంట్‌గ్రాస్ అనే లాన్ గడ్డిలో వచ్చే పోవా అనే కలుపు గడ్డి మీద వాడారు. అక్కడి పరీక్షల్లో 10 డిగ్రీల చలిలో బెంట్‌గ్రాస్‌కు ఎక్కువ దెబ్బ తగిలి కలుపు బతికిపోయింది. 20 నుంచి 30 డిగ్రీల్లో కలుపు చచ్చి బెంట్‌గ్రాస్ నిలబడింది. గడ్డి ఏ వేడిలో చురుగ్గా ఉంటుందో, ఆ వేడిలోనే మందును అరిగించుకుంటుంది.

ప్ర: మాది ఫ్రిస్కో, టెక్సస్. ఇంటి ముందు సెయింట్ అగస్టీన్ గడ్డి, వెనక బెర్ముడా (మన గరికే). జూన్ చివర్లో ఒకే వీడ్ అండ్ ఫీడ్ (కలుపు మందు, ఎరువు కలిపినది) సంచి రెండింటికీ వేస్తే ఒకవైపు పోయింది.

జ: సంచి మీద మందు పేరు చూడండి. అట్రజిన్ అయితే అది సెయింట్ అగస్టీన్ కోసం. పచ్చగా పెరుగుతున్న బెర్ముడాను అది పసుపు పట్టిస్తుంది. 2,4-డి ఉన్న రకమైతే తేడా కొట్టేది సెయింట్ అగస్టీన్‌కే. ఏ రకమైనా జూన్ చివర టెక్సస్‌లో 95 ఫారెన్‌హీట్ ఎండలో వేయడం తప్పు. సెయింట్ అగస్టీన్ కూడా 90 దాటాక అట్రజిన్‌కు తట్టుకోదు. దానికి తోడు సంచిలోని నత్రజని ఎండలో గడ్డిని లేత చిగురుకు తరుముతుంది. కలుపు మందు ఒకసారి, ఎరువు ఇంకోసారి విడిగా వేయడమే నయం. వసంతంలో గడ్డి పూర్తిగా పచ్చబడి రెండు కోతలయ్యాక మందు వేయండి. సగం పచ్చబడ్డ దశలో నిల్వ తిండి అంతా చిగురుకే పోయి ఉంటుంది, అప్పుడూ దెబ్బే.

మీ పెరటి నల్లమట్టి గుంటూరు నల్లరేగడికి చుట్టమే. రెండూ ఎండితే నెర్రెలిచ్చే ఒకే తరగతి నేలలు, సాధారణంగా రెండూ క్షారమే. క్షార నేలలో అట్రజిన్ కూడా ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఆ చోట కూరగాయలు పెట్టాలనుకుంటే, పైన చెప్పిన రెండు కుండీల పరీక్షే ఆవాల బదులు టమాటా గింజలతో చేయండి.

ప్ర: చలికాలంలో బెర్ముడా నిద్రపోతుందని, అప్పుడు గ్లైఫోసేట్ కొడితే కలుపు మాత్రమే పోతుందని ఇంటర్నెట్‌లో చూశాం. నిజమేనా? (విజయవాడ)

జ: మంచు కురిసి గడ్డి పూర్తిగా గోధుమ రంగుకు మారే ఊళ్లలో నిజం. విజయవాడ జనవరిలో గరిక మగతగా ఉంటుందేగానీ నిద్రపోదు. గడ్డి అడుగున పచ్చ ఆకు ఒక్కటి ఉన్నా గ్లైఫోసేట్ వేరుదాకా పోతుంది. పైగా 2022 అక్టోబర్‌లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదంది.

ప్ర: దెబ్బతిన్న లాన్‌ను బతికించడం ఎలా? (చాలామంది అడిగారు)

జ: ముందు బతికి ఉందో లేదో చూడండి. నేల మీద పాకే కాడను గోరుతో గీకితే లోపల తెల్లగా, తడిగా ఉండాలి. అలా ఉంటే తిరిగి వస్తుంది. గోధుమ రంగులో పీచుగా ఉంటే పోయినట్టే. పది చోట్ల గీకి చూసి నిర్ణయించుకోండి.

బతికి ఉంటే మొదటి పని ఏమీ చేయకపోవడం. పసుపు చూసి యూరియా చల్లడం అందరూ చేసే తప్పు. అరిగించుకోలేక పడుకున్న గడ్డికి అది ఇంకో బరువు. కొత్త ఆకు వచ్చేదాకా ఎరువు వద్దు. వచ్చాక కూడా 120 గజాలకు పావుకిలో యూరియా మించకుండా వేసి, వెంటనే నీళ్లు పెట్టండి. కోత ఎత్తు ఒక మెట్టు పెంచండి, ఆకు ఉంటేనే తిండి తయారవుతుంది. నీళ్లు రోజూ చిలకరించడం కాక మూడు రోజులకోసారి లోతుగా పెట్టండి. పెరిగే కాలమైతే రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా కనిపించాలి.

ఆకు ద్వారా లోపలికి పోయిన 2,4-డిని నీళ్లతో కడిగి తీయలేం. నేలలో కూర్చునే పెండిమిథాలిన్, మెట్‌సల్ఫ్యూరాన్, అట్రజిన్ లాంటివాటికి మాత్రం మందును పట్టేసుకునేలా ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొడి, యాక్టివేటెడ్ చార్‌కోల్, పనికొస్తుంది. 120 గజాలకు ఒకటి నుంచి మూడు కిలోలు, నీళ్లలో కలిపి చల్లి, మట్టిలోకి దిగేలా తడపాలి. పొయ్యిలో బొగ్గు నూరి వేస్తే ఆ పని జరగదు. చల్లే రోజు పాత బట్టలు కట్టుకోండి. వరండా టైల్స్ మీద పడితే ఆ నలుపు ఓ పట్టాన వదలదు, ముందే గోనెసంచులు పరవండి.